ట్రాకర్‌కి చవకలో వీపీఎస్ కావాలి, నెలకు 600 దాటకూడదు

జీడితోట_కుర్రాడు (పలాస):

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే గానీ ఒక్కసారీ రాయలేదు. ఇప్పుడు పీకల మీదకు వచ్చింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, విసుక్కోకండి.

మిక్సీలు, ఇండక్షన్ పొయ్యిలు, వాటర్ ఫిల్టర్లు, ఇలాంటి వంటింటి సామాన్ల మీద తెలుగులో వీడియోలు చేస్తాను. కింద అఫిలియేట్ లింకులు ఉంటాయి, వాటి నుంచి ఎవరైనా కొంటే నాకు కమీషన్. దానికి తోడు ఒక టెలిగ్రామ్ ఛానెల్, మూడు నెలల నుంచి ఫేస్‌బుక్‌లో చిన్న చిన్న యాడ్స్. ఏ యాడ్ నుంచి వచ్చినవాళ్లు కొన్నారో, ఏ యాడ్ నుంచి వచ్చినవాళ్లు ఊరికే చూసి పోయారో తెలియకపోతే పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే కదా, అందుకని పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద నడిచే ట్రాకర్ ఒకటి తెచ్చి, ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునే నా షేర్డ్ హోస్టింగ్‌లోనే పెట్టేశాను. రోజుకు 4,000 క్లిక్కులు, అటూ ఇటూగా. ఏ ఇబ్బందీ లేదు.

దసరా సేల్ మొదటి రోజు 30,000 దాటాయి. సాయంత్రం ఏడింటికి మా చెల్లి ఫోన్ చేసి "నీ లింకు నొక్కితే తెల్ల పేజీ వస్తోందిరా" అంది. హోస్టింగ్ వాళ్లను చాట్‌లో అడిగితే సీపీయూ పరిమితి దాటారని అకౌంట్ ఆపేశామన్నారు. మూడో రోజు తెరిచారు. అప్పటికి సేల్ హడావుడి అయిపోయింది, యాడ్స్ మాత్రం ఆ రాత్రంతా నడిచి 2,300 రూపాయలు మింగేశాయి. నేను చూసుకోలేదు, నాదే తప్పు.

ఇప్పుడు వీపీఎస్‌కి, అంటే పెద్ద మెషీన్‌లో మనకంటూ విడిగా కోసిచ్చే సర్వర్ ముక్కకి, మారదామని. జర్మనీలో 4 జీబీ ర్యామ్ ఉన్నది తక్కువలో దొరుకుతోంది, అదే డబ్బుకి ముంబైలోనో బెంగళూరులోనో అయితే 1 జీబీయే వస్తోంది. ఇంకొకడు మూడేళ్ల డబ్బు ముందే కడితే 8 జీబీ ఇస్తానని ఊదరగొడుతున్నాడు. ఇవేవీ కాకుండా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది, ఇన్వర్టర్ ఉంది, ఫైబర్ నెట్ ఉంది, దాన్నే సర్వర్ చేసేస్తే ఎలా ఉంటుందని మా బావ సలహా. ఏది మంచిది? లైనక్స్ నాకు కొద్దిగా వచ్చు, అంటే చూసి టైప్ చేయగలను.


గంటస్తంభం_సెంటర్ (విజయనగరం):

తమ్ముడూ, ముందు ఒక లెక్క వేసుకుందాం, ఎందుకంటే నువ్వు ర్యామ్ చూసి భయపడుతున్నావు గానీ నీ భారం ఎంతో చూడలేదు. 30,000 క్లిక్కుల్లో సగం సాయంత్రం రెండు గంటల్లోనే వచ్చాయనుకో. 15,000ని 7,200 సెకన్లతో భాగిస్తే సెకనుకు రెండు. అంతే. సెకనుకు రెండు రీడైరెక్టులు (క్లిక్ రాసుకుని అసలు పేజీకి మళ్లించడం) ఇవ్వలేని వీపీఎస్ ఈ రోజుల్లో ఎక్కడా లేదు, నెలకు 500 పెట్టేదైనా సరే. షేర్డ్‌లో పడిపోయింది క్లిక్కుల వల్ల మాత్రమే కాకపోవచ్చు. ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు ట్రాకర్ రిపోర్టు పేజీ తెరిచి రిఫ్రెష్ కొట్టావో గుర్తు చేసుకో. లక్షల వరుసలున్న టేబుల్‌ని ప్రతి రిఫ్రెష్‌కి మొదటి నుంచి చివరిదాకా తిరగేసేది ఆ రిపోర్టే.

ఇక జర్మనీ సంగతి. లింకు నొక్కినవాడి ఫోన్ నీ సర్వర్‌తో మాట్లాడాలంటే ముందు కనెక్షన్ కలవడానికి ఒకసారి వెళ్లి రావాలి, తర్వాత హెచ్‌టీటీపీఎస్ తాళం కలపడానికి ఇంకోసారి, అప్పుడు "ఎక్కడికి పోవాలి" అని అడిగి జవాబు తెచ్చుకోవడానికి మూడోసారి. ఆ తాళం కొత్త టీఎల్ఎస్ 1.3 అయితే ఈ మూడు, పాత 1.2 అయితే నాలుగు. ఇక్కడి నుంచి ముంబైకి ఒకసారి వెళ్లి రావడం 40 మిల్లీసెకన్లు అనుకో, మూడుసార్లకు 120. జర్మనీకి 160 అనుకో, 480. అంటే అసలు షాపింగ్ పేజీ మొదలవకముందే అర సెకను తెల్ల తెర. అదీ నీ ఫైబర్ మీద. కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని 4జీలో నొక్కేవాడి పరిస్థితి ఇంకా దారుణం. మామూలు బ్లాగుకి ఇది పెద్ద విషయం కాదు, పేజీ ఒకసారి వచ్చేస్తే చదువుకుంటాడు. ట్రాకర్ అలా కాదు, అది దారిలో గేటు లాంటిది, ప్రతివాడూ దాని ముందు ఆగి పోవాల్సిందే.

అందుకే నీకు సర్వర్ ఎక్కడుంది అన్నదే మొదటి ప్రశ్న, ఎంత పెద్దది అన్నది రెండోది. క్లిక్ చేసేవాళ్లు ఆంధ్రా, తెలంగాణ అయినప్పుడు దేశంలోనే తీసుకో. డిజిటల్ ఓషన్‌కి బెంగళూరులో ఉంది, లినోడ్, వల్టర్, అమెజాన్ లైట్‌సెయిల్ ముంబైలో ఉన్నాయి. వీటిలో ఏదైనా పర్లేదు, నేను ఎవరి తరఫునా మాట్లాడట్లేదు. రేపు నువ్వు అమెరికా ఆఫర్లు నడిపితే అప్పుడు అమెరికాలోనే ఉన్న హెట్జ్‌నర్ కంపెనీ ఆష్‌బర్న్ సర్వర్ లాంటిది చూసుకోవచ్చు, అది వేరే కథ.

మూడేళ్ల ఆఫర్ జోలికి పోకు. తీసుకున్నా నెల మీదే తీసుకుని, సాయంత్రం ఏడు నుంచి పది మధ్య లాగిన్ అయి టాప్ కమాండ్ కొట్టి చూడు. పైన సీపీయూ వరుసలో చిట్టచివర ఎస్‌టీ అని రెండక్షరాలు, పక్కన అంకె ఉంటాయి. నీ ప్రోగ్రాం పనికి సిద్ధంగా ఉండి కూడా పక్కవాడికి సీపీయూ పోయిన సమయం అది. సున్నా, ఒకటి ఉంటే హాయి. పది దాటి అక్కడే కూర్చుంటే ఆ మెషీన్ మీద మనుషుల్ని కుక్కేశారని అర్థం, షేర్ ఆటోలో డ్రైవర్‌కి అటూ ఇటూ ఇద్దర్ని కూర్చోబెట్టినట్టు. ఆటో ఎంత పెద్దదైతే ఏం లాభం, హ్యాండిల్ తిరగదు.


ఆమదాలవలస_ప్యాసింజర్:

ఇంట్లో డెస్క్‌టాప్ అన్న బావగారికి నా నమస్కారాలు. బాబూ, మీది పలాస. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు ఎన్ని రోజులు లేదో నీకు నేను చెప్పాలా? ఇన్వర్టర్ ఎంతసేపు మోస్తుంది? అంత దూరం ఎందుకు, మామూలు వర్షానికే స్తంభం మీద ఫైబర్ తెగితే లైన్‌మ్యాన్ ఎప్పుడొస్తాడో ఆ దేవుడికే తెలుసు.

అది పక్కన పెట్టినా, ఇళ్లకు ఇచ్చే ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ ఉండదు, ఒకే ఐపీ వెనక వందల ఇళ్లు ఉంటాయి. బయటివాడు నీ డెస్క్‌టాప్ తలుపు తట్టే దారే లేదు. దానికి టన్నెల్ (బయటి సర్వర్ గుండా లోపలికి దారి) పెట్టాలి, టన్నెల్‌కి మళ్లీ ఒక వీపీఎస్ కావాలి. ఎక్కడ మొదలెట్టామో అక్కడికే వచ్చాం.

డెస్క్‌టాప్‌ని బ్యాకప్ దాచుకోడానికి వాడుకో, అది మంచి పని.


జీడితోట_కుర్రాడు:

బావకి చూపించాను, నవ్వాడు. తిత్లీ మాట నిజమే, మా జీడితోటలో సగం చెట్లు అప్పుడే పోయాయి.

గంటస్తంభం అన్నయ్యా, లెక్క బాగా అర్థమైంది, రిపోర్టు రిఫ్రెష్ మాటా నిజమే, ఆ రోజు ఐదు నిమిషాలకోసారి చూస్తూనే ఉన్నా. కానీ 1 జీబీలో మైఎస్‌క్యూఎల్ ఉన్నట్టుండి ఆగిపోతుందని చాలాచోట్ల చదివాను, అదే టెన్షన్. ఇంకో మాట, ఉచితంగా వచ్చేవి కూడా ఉన్నాయంటున్నారు, ఒరాకిల్ వాళ్లది హైదరాబాద్‌లోనే ఉందట?


గంటస్తంభం_సెంటర్:

ఉంది. ముంబైలోనూ ఉంది. నేర్చుకోవడానికి చక్కగా వాడుకో. అయితే ఉచిత మెషీన్ పని లేకుండా ఖాళీగా కనిపిస్తే వెనక్కి తీసుకుంటామని వాళ్ల నిబంధనల్లోనే రాసి ఉంది, నీ ట్రాకరేమో రోజులో చాలాసేపు ఖాళీగానే కూర్చుంటుంది. పైగా అందులో పెద్దవి ఏఆర్ఎమ్ చిప్ మీద నడుస్తాయి, నీ ట్రాకర్ దాని మీద నడుస్తుందో లేదో ముందు చూసుకోవాలి. నేనైతే డబ్బు తిరిగే లింకుని ఉచిత మెషీన్ మీద పెట్టను.

1 జీబీ సంగతి. మైఎస్‌క్యూఎల్ దానంతట అది చావదు. ర్యామ్ నిండిపోతే లైనక్స్ కర్నలే ఎవరో ఒకర్ని చంపాలి, మామూలుగా అందరికన్నా ఎక్కువ తింటున్నవాడినే చంపుతుంది, అక్కడ ఉండేది మైఎస్‌క్యూఎల్. కర్నల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని పేరుతో సహా రాసి ఉంటుంది, చూడొచ్చు. అసలు దొంగ ఎవరంటే పీహెచ్‌పీ. ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 40 ఎంబీ అనుకుంటే, ఒక్కసారిగా యాభై వదలమని సెట్టింగ్ ఉంటే 2 జీబీ కావాలి, నీ దగ్గరున్నది ఒకటి. కాబట్టి ఆ ప్రాసెస్‌లను నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్‌లో, ఒక్కసారిగా ఎన్ని నడవాలో చెప్పే మ్యాక్స్ చిల్డ్రన్ అన్నది ఎనిమిదికి దించు, మైఎస్‌క్యూఎల్ బఫర్ పూల్ (డేటా కోసం అది పట్టుకునే ర్యామ్) మామూలుగా వచ్చే 128 ఎంబీ దగ్గరే ఉంచు, ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌ని వాడుకునే 2 జీబీ స్వాప్ ఫైల్ పెట్టు. సెకనుకు రెండు క్లిక్కులకు ఎనిమిది ప్రాసెస్‌లు ఎక్కువే. రిపోర్టు మాత్రం నెల మొత్తానికి అడక్కు, రోజుకి అడుగు.

ఒక హెచ్చరిక. ఇదంతా నీ పాత రకం పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ట్రాకర్‌కి. కెయిటారో లాంటి కొత్త ట్రాకర్లు లోపల క్లిక్‌హౌస్ అనే డేటాబేస్ వాడతాయి, దానికి కనీసం 4 జీబీ ర్యామ్ మంచిదని క్లిక్‌హౌస్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అప్పుడు నీ 600 చాలదు. అయినా వాటికి నెల నెలా కట్టే లైసెన్సే సర్వర్ అద్దెకు ఎన్నో రెట్లు, అందుకే అలాంటివి వాడేవాళ్లు సర్వర్ దగ్గర వంద రూపాయలకు బేరమాడరు. నీ స్థాయికి ఇప్పుడే అక్కర్లేదు.


నాగావళి_గట్టు (శ్రీకాకుళం):

తమ్ముడూ, సర్వర్ గురించి అన్నీ చెప్పేశారు, నేను డబ్బు కట్టే దగ్గర చెబుతాను, ఎందుకంటే నాకు దెబ్బ తగిలింది అక్కడే.

ముందు బిల్లు. 6 డాలర్లు అని బోర్డు మీద ఉంటుంది. జీఎస్‌టీ నంబర్ లేని మనలాంటివాళ్లకు దాని మీద 18 శాతం, అంటే 7 డాలర్ల 8 సెంట్లు. డాలరు 90 అనుకో, 637. మీ బ్యాంకు విదేశీ లావాదేవీకి 3.5 శాతం వేసుకునే రకమైతే ఇంకో 22, దాని మీద మళ్లీ జీఎస్‌టీ. 660 దాటింది. నీ 600 అప్పుడే పోయింది, ముందే తెలిసుంటే మంచిది కదా. రూపాయల్లోనే బిల్లు వేసే మన దేశపు కంపెనీలు కూడా ఉన్నాయి, యూపీఐ కూడా తీసుకుంటారు, అవీ చూడు.

ఇక నా కథ. 2021 అక్టోబర్ 1 నుంచి కార్డు మీద దానంతటదే కట్ అయ్యే బిల్లులకు రిజర్వ్ బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది, ముందే మ్యాండేట్ (కట్ చేసుకోవడానికి మన అనుమతి) నమోదు చేసుకోకపోతే బ్యాంకు ఒప్పుకోదు. అప్పట్లో నా దగ్గర ఒక విదేశీ సర్వర్ ఉండేది, పేరు చెప్పను. రెండు నెలలు డబ్బు కట్ కాలేదు. వాళ్లు మెయిళ్లు పంపారు, పంపలేదని అనను, నేను ఆ మెయిల్ ఐడీ తెరవడమే తక్కువ, పైగా అప్పుడు మా అమ్మ ఆసుపత్రిలో ఉంది. ఒక రోజు లింకులు పోయాయి. సర్లే, స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తానికి తీసిన నకలు) ఉంది కదా అని ధీమాగా లాగిన్ అయ్యాను. సర్వర్‌తో పాటు స్నాప్‌షాట్లు కూడా తీసేశారు. అన్నీ ఒకే అకౌంట్‌లో కదా! ఎనిమిది నెలల క్లిక్కుల డేటా, ఏ పోస్టుకి ఎంత వచ్చిందన్న లెక్కంతా, తుడిచిపెట్టుకుపోయింది.

అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను. మూడు నెలలకు సరిపడా డబ్బు ముందే వేసి ఉంచే సదుపాయం ఉన్నచోటే సర్వర్ తీసుకుంటాను. రోజూ రాత్రి డేటాబేస్ డంప్, అంటే మొత్తం డేటా నకలు ఫైలు, తీసి వేరే కంపెనీ స్టోరేజ్‌కి పంపిస్తాను. స్నాప్‌షాట్ అంటే ఇంటి తాళం చెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకోవడం, అది బ్యాకప్ కాదు.


రాజాం_రోడ్డు:

అందరూ సర్వర్ గురించే మాట్లాడుతున్నారు, నేను కాస్త అడ్డంగా ఒకటి అడుగుతాను. నీ లింకుల్లో అమెజాన్‌వి ఎన్ని? వాటిని నీ ట్రాకర్ గుండా తిప్పుతున్నావా? వాళ్ల అఫిలియేట్ పథకం అసోసియేట్స్ షరతుల్లో క్లిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తమకు కనబడకుండా దాచొద్దని, నొక్కేవాడికి అమెజాన్‌కి పోతున్నట్టు తెలియని విధంగా లింకు కుదించొద్దని ఉంది. వాళ్లు అమ్మకం అయినప్పుడు నీ సర్వర్‌కి పోస్ట్‌బ్యాక్, అంటే అమ్మకం అయిందన్న కబురు, కూడా పంపరు. అంటే ట్రాకర్ నీకు క్లిక్కు చూపిస్తుంది, అమ్మకం చూపించదు, పైగా అకౌంట్ ప్రమాదంలో పడుతుంది. దానికి బదులు వాళ్ల దగ్గరే వీడియోలకు ఒకటి, టెలిగ్రామ్‌కి ఒకటి అని వేర్వేరు ట్రాకింగ్ ఐడీలు చేసుకుంటే ఉచితంగా అదే లెక్క వస్తుంది.

సబ్ ఐడీ (ఒక్కో క్లిక్‌కి ట్రాకర్ ఇచ్చే గుర్తు) తీసుకుని, అమ్మకం అయ్యాక పోస్ట్‌బ్యాక్ కొట్టే అఫిలియేట్ నెట్‌వర్క్‌లకే ట్రాకర్ అవసరం. అక్కడ మాత్రం సర్వర్ పడుకోకూడదు. క్లిక్ పోతే ఒక మనిషి పోతాడు, పోస్ట్‌బ్యాక్ వచ్చిన నిమిషంలో సర్వర్ లేకపోతే అయిన అమ్మకం కూడా నీ లెక్కలోకి రాదు, మళ్లీ ప్రయత్నించని నెట్‌వర్క్‌లు ఉన్నాయి.

ఇంకొకటి. టెలిగ్రామ్‌లో లింకు పెట్టగానే ప్రివ్యూ బొమ్మ కోసం వాళ్ల బాట్ (మనిషి కాదు, ప్రోగ్రాం) వచ్చి ఆ లింకు తెరుస్తుంది. ఫేస్‌బుక్‌దీ అంతే. అవి నీ 4,000లో ఎన్నో చూశావా? లింకు తెరిచేది తన గురించి చెప్పుకునే యూజర్ ఏజెంట్‌లో టెలిగ్రామ్‌బాట్ అనే ఉంటుంది, తీసేయడం తేలికే. నాకైతే మొదటిసారి తీసేశాక ముఖం చిన్నబోయింది.


జీడితోట_కుర్రాడు:

అమ్మో. అమెజాన్‌వి సగం పైనే ఉన్నాయి అన్నా, అన్నీ ట్రాకర్ గుండానే పోతున్నాయి. ఈ రాత్రికే విడదీస్తాను. ఫేస్‌బుక్ యాడ్స్‌వి మాత్రం వేరే నెట్‌వర్క్, పోస్ట్‌బ్యాక్ ఉంది.

నాగావళి అక్కా, మీ మాట చదివాక కార్డు స్టేట్‌మెంట్ తీసి చూశా, నా బ్యాంకూ 3.5 శాతమే వేస్తోంది. బడ్జెట్ 700 చేసుకున్నా, ఒక పూట బయట టిఫిన్ మానేస్తే సరి.


గంటస్తంభం_సెంటర్:

మారేటప్పుడు రెండు చిన్న విషయాలు. డొమైన్ పేరుకి ఐపీ చూపించే డీఎన్ఎస్‌లో టీటీఎల్ (ఆ ఐపీని అవతలివాళ్లు గుర్తుంచుకునే సెకన్లు) 300కి దించి ఒక రోజు ఆగి, ఆ తర్వాతే ఐపీ మార్చు, లేకపోతే సగం మంది రేపటిదాకా పాత సర్వర్‌కే పోతుంటారు. రెండోది, కొత్త రకం ఐపీ అడ్రస్ ఐపీవీ6 మాత్రమే ఇచ్చే చవక ప్లాన్లు కనిపిస్తాయి, తీసుకోకు. జియో ఫోన్‌లో బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, నువ్వు చూసి సంతోషపడతావు, పాత రకం ఐపీవీ4 మాత్రమే ఉన్న బ్రాడ్‌బ్యాండ్ వాడికి మాత్రం అసలు రాదు. రెండూ ఉండాలి.

రీడైరెక్ట్ కోడ్ 302 (తాత్కాలికం) ఉందో లేదో కూడా చూడు. 301 (శాశ్వతం) పెడితే బ్రౌజర్ గుర్తుపెట్టుకుని రెండోసారి నీ సర్వర్‌కి రాకుండానే వెళ్లిపోతుంది, ఆ క్లిక్ నీకు కనబడదు.


జీడితోట_కుర్రాడు:

తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ వచ్చాను. ముంబైలో 1 జీబీ తీసుకున్నా, నెల మీద. ఉబుంటు 24.04, స్వాప్ 2 జీబీ, మ్యాక్స్ చిల్డ్రన్ ఎనిమిది, అన్నయ్య చెప్పినట్టే. వరుసగా మూడు సాయంత్రాలు టాప్ తెరుచుకుని కూర్చున్నా, ఎస్‌టీ 0.3 దాటలేదు. ఇంటి నుంచి కర్ల్ అనే కమాండ్‌తో కొలిస్తే పాత హోస్టింగ్‌లో రీడైరెక్ట్‌కి 1.1 సెకను పట్టేది, ఇప్పుడు 0.19. చెల్లి ఫోన్‌లో కూడా నొక్కించి చూశా, "ఇప్పుడు వెంటనే పోతోందిరా" అంది. నాకు కర్ల్ కన్నా అదే నమ్మకం.

పాత లెక్కలోంచి బాట్లు తీసేస్తే ఆ 4,000 కాస్తా 2,900 అయింది. రాజాం అన్నా, ముఖం చిన్నబోవడం అంటే ఏంటో తెలిసింది.

ఒక్క దగ్గరే ఆగిపోయా. బ్యాకప్ కమాండ్ చేత్తో కొడితే డంప్ ఫైల్ తారీఖు పేరుతో చక్కగా వస్తోంది. అదే వరుస కాపీ చేసి రాత్రి రెండింటికి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెడితే పొద్దున్న ఫోల్డర్ ఖాళీ. మూడు రాత్రుల నుంచి ఇదే తంతు.


నాగావళి_గట్టు:

ఖాళీ అని చూసుకున్నావు చూడు, అదే నయం, నేనైతే చూసేదాన్నే కాదు. తారీఖు కోసం శాతం గుర్తు వాడావు కదా? క్రాన్‌లో శాతం గుర్తు వస్తే అక్కడితో కమాండ్ అయిపోయిందనుకుంటుంది. ఒక్కో శాతం గుర్తు ముందు ఒక బ్యాక్‌స్లాష్ పెట్టు. రేపు పొద్దున్న ఫైల్ ఉందో లేదో చూడడం కాదు, దాన్ని బావగారి డెస్క్‌టాప్‌లో వేరే డేటాబేస్‌లోకి ఎక్కించి, వరుసలు లెక్కపెట్టి చెప్పు.


జీడితోట_కుర్రాడు:

వచ్చింది అక్కా. 41 ఎంబీ. బావ డెస్క్‌టాప్‌లో ఎక్కించాం, క్లిక్కుల టేబుల్‌లో వరుసలు రెండు చోట్లా ఒకటే. బావ ఇప్పుడు ఆ డెస్క్‌టాప్ కరెంటు బిల్లు నన్నే కట్టమంటున్నాడు.